ఆర్గానిక్ కొట్టుకు వచ్చేవాళ్ళను గమనించాలంటే ఏం చూడాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. మీ కాలనీలో కొత్తగా ఆర్గానిక్ కొట్టు పెట్టారు. వచ్చే జనం కాస్త వేరుగా కనిపిస్తున్నారు. జుట్టు ముడేసుకున్న కుర్రాళ్ళు, చేనేత చీరల్లో పెద్దావిడలు, నూనె కోసం స్టీలు క్యాను పట్టుకొచ్చే రిటైరైన మాస్టార్లు. వీళ్ళెవరు, నమ్మి వస్తున్నారా, ఫ్యాషన్ కోసం వస్తున్నారా, కాసేపు నిలబడి గమనిస్తే ఏం తెలుస్తుంది అని అడిగారు.

కూకట్‌పల్లి వైపు ఇలాంటి కొట్టే నేను చాలా ఏళ్ళుగా నడుపుతున్నాను. కౌంటర్ దగ్గర నిలబడి చూసిందే చెప్తాను. మొట్టమొదట, బట్టలు చూడకండి. ఖాదీ చొక్కా వేసుకున్నాయన జీడిపప్పు ప్యాకెట్ ఒకటి కొనుక్కుని వెళ్ళిపోవచ్చు. మెడలో ఆఫీసు ఐడీ కార్డుతోనే పరుగున వచ్చిన అమ్మాయి ఇంట్లోకి రిఫైన్డ్ నూనె వచ్చి ఏళ్ళయి ఉండొచ్చు. బుట్టలో ఏముందో చూడండి, లోపలికి రాగానే ఏ ప్రశ్న అడిగారో వినండి. ఇక్కడికి వచ్చే ప్రతి ఒక్కరికీ దేనితోనో ఒకదానితో గొడవ ఉంటుంది. ఒకరికి ఆసుపత్రితో, ఒకరికి ఎరువుల కంపెనీలతో, ఒకరికి నగరంతో, ఒకరికి సొంత వంటింటితో. ఆ గొడవ ఏమిటో మొదటి ప్రశ్నలోనే బయటపడుతుంది.

అందరికంటే పాతవాళ్ళు ఉప్పు మానేసినవాళ్ళు. ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణ రాజు గారి పుస్తకాలు, టీవీ కార్యక్రమాలతో మొదలుపెట్టి, ఇప్పటికీ వదలనివాళ్ళు. ఎక్కువగా అరవై దాటినవాళ్ళు, పొద్దున్నే వస్తారు. పెసలు, బొబ్బర్లు, శనగలు మొలకల కోసం కొంటారు. తేనె, ఖర్జూరం, పుల్కాల కోసం గోధుమలు. పచ్చళ్ళ వైపు చూడనైనా చూడరు. వీళ్ళ మొదటి ప్రశ్న "ఈ తేనె ఎక్కడిది?" యూట్యూబ్ రాకముందు నుంచే, పక్కన ఎవరూ తోడు లేకపోయినా, ఉప్పూ నూనే లేని కూర తింటూ నిలబడినవాళ్ళు వీళ్ళు. వీళ్ళలో ఆడవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఇంటిల్లిపాదికీ కారం ఉప్పూ దట్టించి ఒక కూర, తమకు చప్పగా ఇంకో కూర, రెండూ తామే వండుకుంటారు.

రెండో రకం అన్నం పూర్తిగా మానేసినవాళ్ళు. 2017, 18 ప్రాంతంలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ గారి డైట్, అంటే అన్నం మాని కొవ్వు మీద నడిచే తిండి, ఊరూరా పాకినప్పుడు వీళ్ళు ఒక్కసారిగా పెరిగారు. ఆ రోజుల్లో గానుగ కొబ్బరినూనె సాయంత్రానికి మిగిలేది కాదు. ఇప్పుడు సంఖ్య తగ్గింది కానీ, ఉన్నవాళ్ళు గట్టిగా ఉన్నారు. నెయ్యి, వెన్న, అవిసె గింజలు, బాదం పిండి తీసుకుంటారు. ధాన్యాల వరుస వాళ్ళకు లేనట్టే లెక్క. నేరుగా వచ్చి "నూనె ఎప్పుడు ఆడించారు?" అని అడుగుతారు. సీసాను వెలుతురుకు పట్టి అడుగున మడ్డి ఎంతుందో చూస్తారు.

మూడో రకం సిరిధాన్యాల వాళ్ళు. ఇప్పుడు మా కొట్టు నిలబడింది వీళ్ళ మీదే. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలి గారు కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అనే అయిదింటినీ మళ్ళీ జనం నోళ్ళలో నానేలా చేశారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా ఆ ఏడాదినే. వీళ్ళ చేతిలో చీటీ ఉంటుంది, ఏ రోజు ఏ ధాన్యం, ఏ వారం ఏ కషాయం అని. గరిక ఎక్కడ దొరుకుతుంది, రావి ఆకులు ఏ గుడి దగ్గర ఉన్నాయి అని ఒకరినొకరు అడిగి తెలుసుకుంటారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పాలిష్ పట్టారా?"

నాలుగో రకం వాళ్ళు తమ ఒంటి గురించి అసలు అడగరు. "ఏ ఊరు? ఏ రైతు? నాటు విత్తనమేనా?" అంటారు. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ శిక్షణలకు వెళ్ళొచ్చినవాళ్ళు, మిద్దెతోటల వాళ్ళు, ఉద్యోగం వదిలేసి వికారాబాద్ వైపో చేవెళ్ళ వైపో రెండెకరాలు కొనుక్కున్నవాళ్ళు. బియ్యం పేర్లు వాళ్ళకు కంఠతా వస్తాయి: నవారా, కాలాబట్టి, మాపిళ్ళై సాంబా, మైసూర్ మల్లిగ, చిట్టిముత్యాలు. మిద్దెతోటల వాళ్ళు బీర, సొర, చిక్కుడు గింజలు కాగితంలో పొట్లం కట్టి తెచ్చి, ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇవ్వమని నా కౌంటర్ మీద పెట్టి పోతారు. డబ్బు తీసుకోరు. కొట్టులో గమనించడానికి అన్నిటికంటే మంచి చోటు ఆ పొట్లాల దగ్గరే. గింజ తీసుకున్నవాళ్ళు రెండు నెలల తర్వాత కాయ తెచ్చి చూపిస్తారు.

ఇప్పుడు ఈ నలుగురి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు నూనె వద్దంటారు, ఇంకొకరు నూనే తిండి అంటారు. ఒకరు ధాన్యమే మందు అంటారు, ఇంకొకరు ధాన్యమే జబ్బు అంటారు. ఒకరి నమ్మకం నిజమైతే పక్కవాళ్ళది తప్పవ్వాలి. అయినా ఒకే కొట్టులో, ఒకే వరుసలో నిలబడి బిల్లు వేయించుకుంటారు. బయటినుంచి చూసి వీళ్ళంతా ఒకటే గుంపు అనుకుంటే అసలు విషయం తప్పిపోతుంది.

ఒక సాయంత్రం ఇలాగే నూనె మానేసిన హెడ్మాస్టరు గారు, రెండు లీటర్ల కొబ్బరినూనె కొంటున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎదురుపడ్డారు.

"అంత నూనె ఏం చేసుకుంటావు బాబూ?"

"అదే నా భోజనం మాస్టారూ. ముప్పై కేజీలు తగ్గాను." ఫోన్‌లో పాత ఫొటో చూపించాడు.

"నేను నూనె చుక్క ముట్టుకోక ఎన్నేళ్ళయిందో. నా బీపీ కాగితం చూస్తావా?"

పావుగంట వాదించుకున్నారు. ఎవరూ తగ్గలేదు. చివరికి మాస్టారు అడిగారు, "మరి పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు ఎలా?" అని. ఆ కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "వెళ్ళడం తగ్గించేశాను" అన్నాడు. "నేనూ అంతే" అన్నారాయన. అక్కడినుంచి వాళ్ళ మాట మారిపోయింది. అక్షింతలు వేసి భోజనాల వేళకు ముందే ఎలా బయటపడాలి, మేనత్త బలవంతంగా వడ్డిస్తే ఏమని చెప్పాలి, ఇవే మాట్లాడుకున్నారు.

మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇక్కడుంది. అమెరికాలో ఇలాంటి కొట్లు 1970లలో హిప్పీ కుర్రకారుతో పెరిగాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పనివాళ్ళే యజమానులుగా నడిచే రెయిన్‌బో గ్రోసరీ లాంటివి ఆ కాలం నాటివే, అది 1975లో మొదలైంది. అక్కడ పిల్లలు తల్లిదండ్రుల అలవాట్లను కాదని బయటికి వచ్చారు. మన దగ్గర ఎదురుతిరిగింది కుర్రకారు ఒక్కరే కాదు, నలభైలు, యాభైలు దాటినవాళ్ళు. వాళ్ళు వద్దన్నది పాటనో వేషాన్నో కాదు, తెల్లన్నాన్ని. తెలుగు ఇంట్లో అది చిన్న విషయం కాదు. "మా ఇంట్లో చెయ్యి కడగవా?" అన్న మాటకు జవాబు చెప్పలేక నలిగిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. విస్తరి ముందు కూర్చుని "నాకు అన్నం వద్దండీ" అనాలంటే జుట్టు పెంచుకోవడం కంటే ఎక్కువ ధైర్యం కావాలి.

పెద్దవాళ్ళకు అది ఎందుకు గుచ్చుకుంటుందో కూడా అర్థం చేసుకోవాలి. తెలంగాణలో, రాయలసీమలో మెట్ట ఊళ్ళ పేదిళ్ళల్లో వరి అన్నం పండక్కి వండుకునేది. మిగతా రోజులన్నీ జొన్న గటక, రాగి సంకటి, కొర్రన్నం. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ఇళ్ళల్లో రోజూ తెల్లన్నం ఉడికింది. ఆకలి తీరింది, దాంతోపాటు పరువు కూడా వచ్చింది. మా కొట్టుకు కొడుకుతో వచ్చిన పాలమూరు పెద్దమ్మ ఒకామె కొర్రల ధర విని నిలబడిపోయింది. "ఇవి తినలేక ఏడ్చినం బిడ్డా. మీరు పైసలిచ్చి కొంటున్నరా?" అంది. కొడుకు షుగర్ కోసం కొంటున్నానని చెప్పాడు. ఆమె మారు మాట్లాడలేదు, కానీ కొర్రలను దోసిట్లోకి తీసుకుని ఊది, "పొట్టు సరిగ పోలే" అని నాకు చెప్పింది. ఆమె చెప్పింది నిజమే. ఆ బస్తా వెనక్కి పంపాను.

ఈ కొట్టులో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళు కొనడానికి రానివాళ్ళే. మా దగ్గర ఊడ్చి తుడిచే ఆమెది నారాయణఖేడ్ వైపు. అయిదు డబ్బాలూ మూతలు తీసి పెడితే, పేర్లు చూడకుండానే ఏది సామ, ఏది ఊద చెప్పేస్తుంది. చీటీలు పట్టుకొచ్చే కస్టమర్లు చాలామందికి మొదట్లో ఆ తేడా తెలియదు. సందు చివర అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య కూడా అంతే, అంబలి ఎంతసేపు పులియాలో ఆమెను అడిగే నేను నేర్చుకున్నాను. వాళ్ళ తిండి ఇది. వాళ్ళ పొలాల్లోంచి పోయి, నగరానికి వచ్చి, వాళ్ళకు అందని ధరలో షెల్ఫు ఎక్కింది. కౌంటర్ దగ్గర నిలబడిన ప్రతిసారీ ఇది నన్ను బాధ పెడుతుంది. పనివాళ్ళకు కొన్న ధరకే ఇస్తాను. దాంతో ఈ సమస్య తీరిపోతుందని మాత్రం అనుకోను.

ఫ్యాషన్ సంగతి అడిగారు. ఉంది. కినోవా, చియా గింజలు, అందమైన గాజు సీసాలు, వీటి దగ్గరే ఆగిపోయేవాళ్ళు ఉంటారు. కినోవా దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల పంట. దాని పక్క డబ్బాలోనే సామలుంటాయి. అయితే వీళ్ళను చిన్నచూపు చూడొద్దు. అలా మొదలుపెట్టి నిలబడిపోయినవాళ్ళు ఉన్నారు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, రెండోసారి వచ్చినప్పుడు ఏం అడుగుతారన్న దాంట్లో. "దీనివల్ల లాభాలేంటి?" అని మళ్ళీ అడిగితే ఇంకా వండలేదన్నమాట. "ఆరు గంటలు నానబెట్టినా మెత్తబడలేదు, ఏం చెయ్యాలి?" అన్నారంటే వాళ్ళు ఇక మనవాళ్ళే.

నమ్మకం కూడా ఇక్కడ రెండు రకాలుగా కనిపిస్తుంది. కొందరు ప్యాకెట్ వెనక్కి తిప్పి సేంద్రియ సరుకు అని చెప్పే జైవిక్ భారత్ ముద్ర వెతుకుతారు. 2018 నుంచి ఆర్గానిక్ అని రాసి అమ్మాలంటే ఎన్‌పీఓపీ (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది) గానీ పీజీఎస్ ఇండియా (రైతులే గుంపుగా ఒకరినొకరు తనిఖీ చేసుకునేది) గానీ ధ్రువీకరణ ఉండాలి. నేరుగా జనానికి అమ్ముకునే చిన్న రైతుకు మాత్రం మినహాయింపు ఉంది. ఇంకొందరికి ముద్రతో పని లేదు. రైతు పేరు, ఊరు చెప్తే చాలు, కుదిరితే వెళ్ళి చూసి వస్తారు. జనగామ జిల్లాలో ఏనెబావి అనే చిన్న ఊరు మొత్తం 2006లోనే సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. అక్కడికి వెళ్ళొచ్చిన కస్టమర్లు తర్వాత నన్ను ప్రశ్నలు అడగడం తగ్గించి, బియ్యం గురించి నాకే చెప్పడం మొదలుపెట్టారు. నా మటుకు నాకు రెండో రకం నమ్మకమే ఎక్కువ ఇష్టం. కానీ కొనేవాడు ఊరు దాకా వెళ్ళలేనప్పుడు ముద్ర అవసరమే.

పురుగు గురించి ఒక మాట, ఎందుకంటే దాని చుట్టూ జరిగే సంభాషణలు మీరు తప్పకుండా వింటారు. "పురుగు పట్టిందంటే మందు కొట్టలేదన్నట్టే, అదే గుర్తు" అని కస్టమర్లే ఒకరికొకరు చెప్పుకుంటారు. అది సరికాదు. పొలంలో మందు కొట్టిన ధాన్యానికైనా నిల్వలో పురుగు పడుతుంది. పాలిష్ పట్టనివాటిలో తవుడు ఉంటుంది, అందులో నూనె ఉంటుంది, అందుకే త్వరగా కనరు వాసన వస్తుంది. సజ్జ పిండి అయితే మరీ త్వరగా చేదెక్కుతుంది. కొద్దికొద్దిగా కొనుక్కోమని నేను అందరికీ చెప్తాను. నెలకు సరిపడా ఒకేసారి పిండి పట్టించమని అడిగేవాళ్ళు కొత్తవాళ్ళు. వారానికి సరిపడా అడిగేవాళ్ళు పాతవాళ్ళు. బెల్లం దగ్గర కూడా అంతే. పసుపు పచ్చగా మెరిసేది ఏరుకునేవాళ్ళు ఇంకా కొత్త. హైడ్రోస్ (రంగు తేల్చే రసాయనం) కలపని బెల్లం నల్లగా ఉంటుందని తెలిసినవాళ్ళు చేతికి అందిన అచ్చు తీసుకుని వెళ్ళిపోతారు.

పొలం వైపు వెళ్ళిపోయినవాళ్ళు కొనేవాళ్ళుగా కంటే అమ్మేవాళ్ళుగానే ఎక్కువ కనిపిస్తారు. శనివారం పొద్దున కారు డిక్కీలో టమాటాలు, గోంగూర, నాటుకోడి గుడ్లు పెట్టుకుని వస్తారు. మొదటి ఏడాది వాళ్ళ మాటల్లో జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రావణం), ఆచ్ఛాదన (నేలను ఆకులూ గడ్డితో కప్పడం), అయిదంచెల సాగు (ఒకే చోట ఎత్తుల వారీగా రకరకాల చెట్లు, పంటలు) ఉంటాయి. మూడో ఏడాదికి కూలీలు, కరెంటు, అడవి పందులు వస్తాయి. అప్పుడు మాట తగ్గి పని పెరుగుతుంది. ఆ మూడో ఏడాది దాటినవాళ్ళు మీ కొట్టులో ఎదురైతే కాసేపు మాట్లాడండి. ఆంధ్రలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రభుత్వమే ప్రకృతి వ్యవసాయాన్ని ఊళ్ళకు తీసుకెళ్ళింది కాబట్టి, అక్కడి రైతుల దగ్గర తోటివాళ్ళ తోడు కనిపిస్తుంది. నగరం వదిలి ఒంటరిగా వెళ్ళినవాళ్ళ దగ్గర ఆ తోడు లేని లోటు కనిపిస్తుంది. వాళ్ళకు మా కొట్టే రచ్చబండ.

ఇక జబ్బుల విషయం. వచ్చేవాళ్ళలో సగానికి పైగా ఏదో ఒక రిపోర్టు చూసుకుని భయపడి వచ్చినవాళ్ళే. షుగర్, థైరాయిడ్, పీసీఓడీ, కొన్నిసార్లు క్యాన్సర్. వాళ్ళ టెన్షన్ చూస్తే మనసు కరిగిపోతుంది. అందుకే ఈ విషయంలో నేను కఠినంగా ఉంటాను. తిండి మార్చుకోండి, మంచిదే. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోతాదు డాక్టరే మార్చాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఏ డైట్ అయినా అడగకుండా మొదలుపెట్టకూడదు. వరుసలో పక్కన నిలబడినవాళ్ళు "నేను అన్నీ ఆపేశాను, మీరూ ఆపెయ్యండి" అని చెప్పడం మీ చెవిన పడితే, గమనిస్తూ ఊరుకోకండి, కల్పించుకోండి.

గమనించడానికి పద్ధతి అడిగారు కదా. పొద్దున ఎనిమిదికి ముందు పెద్దవాళ్ళు, సాయంత్రం ఏడు తర్వాత ఉద్యోగస్తులు, శనివారం రైతులు వస్తారు. నూనె డ్రమ్ము దగ్గర, కాటా దగ్గర మాటలు ఎక్కువగా నడుస్తాయి. ఫొటోలు తీయకండి, జబ్బుతో వచ్చినవాళ్ళు ఇబ్బంది పడతారు. ఊరికే నిలబడకుండా ఏదో ఒకటి కొనండి, అరకిలో సామలు చాలు. పక్కనున్నవాళ్ళను "ఇది ఎలా వండుతారండీ?" అని అడగండి. వేరే ఏ ప్రశ్నకూ ముడుచుకుపోయే మనిషి కూడా దీనికి జవాబు చెప్తారు. వంటతో మొదలుపెట్టి ఎందుకు మారాల్సి వచ్చిందో వాళ్ళే చెప్పుకొస్తారు.

మీ ఆసక్తి కొట్టుతో ఆగకపోతే జహీరాబాద్ వెళ్ళండి. రెండు రూపాయల బియ్యం మొదలైన ఆ 1983లోనే అక్కడ పి.వి.సతీష్, ఆయన మిత్రులు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టారు. పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో సంఘాలు కట్టిన ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, బీడు పడ్డ భూముల్లో మళ్ళీ జొన్నలు, కొర్రలు, సామలు పండించారు. విత్తనాలు ఇళ్ళల్లోనే దాచారు. 2008 నుంచి సంఘం రేడియో కూడా నడుపుతున్నారు. సతీష్ గారు 2023 మార్చిలో చనిపోయారు. నగరంలో మనం డబ్బులు పెట్టి కొనుక్కుంటున్న ఈ ధాన్యాన్ని, ఎవరూ అడగని రోజుల్లో కాపాడింది ఆ ఆడవాళ్ళే. ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో విత్తనాలతో అలంకరించిన ఎడ్లబళ్ళు ఊరి నుంచి ఊరికి వెళ్తాయి, ఫిబ్రవరిలో మాచ్నూర్‌లో ముగుస్తుంది. అక్కడ ఏ బండి దగ్గరైనా నిలబడి, ఒక గింజ పేరు అడగండి.